పాత ఫొటో స్కాన్‌ని పెద్ద ప్రింటు వేయిస్తే "కొంచెం కట్ అవుతుంది" అంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. మీది పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో, 12×18 అంగుళాల ఫ్రేము కట్టించాలి అన్నారు. సరిగ్గా అదే పని చేసి నేను దెబ్బ తిన్నాను.

2024లో అమ్మానాన్నల పెళ్లయి యాభై ఏళ్లు నిండాయి. పెళ్లిలో మా బాబాయి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసిన ఫొటో ఒకటి ఉంది. ఆ కెమెరాలో రీలుకి పన్నెండే ఫొటోలు, అన్నీ చదరంగా వస్తాయి. పీటల మీద అమ్మా నాన్నా, ఎడమ అంచున అమ్మ భుజం మీద చెయ్యేసి అమ్మమ్మ. కెమెరా కనబడితే చాలు అమ్మమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేదట. ఆమె ఉన్న ఫొటో మా ఇళ్లన్నిటికీ కలిపి అదొక్కటే.

ఫొటో ల్యాబ్‌లో స్కాన్ ఇచ్చి 12×18 నిలువు ప్రింటు చెప్పాను. "కొంచెం కట్ అవుతుందండీ" అన్నారు, సరే అన్నాను. లెక్క వేసుకుని ఉంటే తెలిసేది: చదరపు ఫొటోతో 12×18 కాగితం నిండా నింపాలంటే మూడోవంతు బొమ్మ పోతుంది. ప్రింటు ఇంటికి తెచ్చి విప్పితే అమ్మ భుజం మీద నాలుగు వేళ్లున్నాయి, మనిషి లేదు. అమ్మ ఆ వేళ్ల మీద తన వేలు పెట్టి "మా అమ్మ ఏదిరా?" అంది.

వెనక్కి తీసుకెళ్తే ఈసారి కత్తిరించకుండా నిలువుగా సాగదీసి ఇచ్చారు. అమ్మమ్మ వచ్చింది కానీ అందరి ముఖాలూ కోలగా పొడుగెక్కాయి. పెళ్లికూతురి బుగ్గన చుక్క పెడతారు చూడండి, అది గుండ్రంగా ఉండాల్సింది బియ్యపుగింజలా నిలబడింది. అప్పట్నుంచి ఏ ప్రింటు చూసినా ముందు నేరుగా మనవైపు తిరిగి ఉన్న గుండ్రటి వస్తువు వెతుకుతాను. బొట్టు, చేతి గడియారం, కంచం, ఏదైనా సరే. అది కోలగా ఉంటే ఫొటో సాగదీశారన్నమాటే. ఫొటోలు దిద్దే జింప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పొడవు, వెడల్పు అంకెల పక్కన చిన్న గొలుసు గుర్తు ఉంటుంది. అది తెగి ఉంటే ఒకటి మారి రెండోది మారదు, అంతే, మనుషులు సాగిపోతారు. ఆ గొలుసు కలిపి ఉందో లేదో చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? సీజన్ రద్దీలో వాళ్లకి అదీ టైమ్ ఉండదు.

మరో చోట ఏఐతో పైనా కిందా ఖాళీ నింపి ఇస్తామన్నారు. మా పెళ్లిపందిట్లో లేని స్తంభాలు నాకెందుకు? వద్దన్నాను.

చివరికి చేసింది ఇది. అసలు ఫొటో మూడున్నర అంగుళాల చదరం. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, మళ్లీ స్కాన్ చేయించాను, ఒక్కో వైపు 2100 చుక్కలు వచ్చాయి. 12×18 కాగితం మీదే బొమ్మ పదకొండున్నర అంగుళాల చదరం, చుట్టూ తెల్ల అంచు వదలమన్నాను. అంగుళానికి 180 చుక్కలకు పైనే పడ్డాయి, గోడ మీద మూడడుగుల దూరం నుంచి చూస్తే హాయిగా ఉంది. కాగితం 12×12కి కోయించి, మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ పెట్టే, మధ్యలో కిటికీలా కోసిన అట్ట) వేసి 16×16 ఫ్రేము కట్టించాను. తెల్ల అంచు తప్పకుండా వదలండి. మౌంట్ అంచు కాగితం మీదికి కాస్త ఎక్కుతుంది, అది తెలుపు మీద పడాలి గానీ అమ్మమ్మ మీద కాదు.

చదరానికే కాదు ఈ బాధ. 4×6 ఫొటోను ఆకారం చెడకుండా పెంచితే 8×12 అవుతుంది. 8×10 అడిగారంటే రెండంగుళాలు పోయినట్టే. గ్రూప్ ఫొటో అయితే ఆ చివర నిలబడ్డ పిల్లలే పోతారు. అందుకే ఫ్రేము ముందు కొని ఫొటోను అందులో ఇరికించడం నాకు అస్సలు నచ్చదు.

ఇంకొకటి, స్కాన్‌ను ల్యాబ్‌కి వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపకండి, చుక్కలు తగ్గిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. అసలు స్కాన్ ముట్టుకోకుండా కాపీ మీదే కత్తిరింపులు చేయించండి.

మీ ఫొటో చదరమా, పొడుగా? స్కేలు పెట్టి కొలిచి అంగుళాల్లో రాయండి, ఏ ఫ్రేము తీసుకోవాలో చెబుతాను.