అభ్యంతరాలు: లేవు

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

సంస్థలలో సమస్యలను పరిష్కరించడం, నిర్ణయాలు తీసుకోవడం నేర్పే శిక్షణలో నువ్వు వచ్చే నెల చేరుతున్నావనీ, అది ముగియగానే నలభై మంది పనిచేసే మెయింటెనెన్స్ విభాగం నీ చేతికి వస్తుందనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. విన్న వెంటనే గర్వంగా అనిపించింది. రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం మాత్రం వేరు. పొడుపుకథ సగంలో ఉండగానే విప్పేసే పిల్లవు నువ్వు. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టేవాళ్లం, అందులో నావే ఎక్కువ. నలభై మందికి పెద్దవు కాబోతున్న నీలో ఇప్పుడు నన్ను భయపెడుతున్నది ఆ చురుకుదనమే.

సమస్యను ఒక్క వాక్యంలో రాసుకోవడం, కొలతలు సేకరించడం, రెండు మూడు మార్గాలను పక్కపక్కన పెట్టి చూడటం, ఒకటి ఎంచుకుని అమలు చేయడం, ఫలితాన్ని తిరిగి కొలవడం వంటివన్నీ నీకు మొదటి వారంలోనే నేర్పుతారు. వాటి గురించి నేను రాయను. నేను రాయదలచుకున్నది ఒక పంపు గురించి.

నేను ఉద్యోగంలో చేరిన పదకొండో ఏడు అది. యంత్రాలను చల్లబరిచే నీటిని తోడే పంపు ఒకటి నా అధీనంలో ఉండేది. ఆరేడు వారాలకొకసారి, దాని తిరిగే ఇరుసును మోసే బేరింగ్ పోయేది. పోయిన ప్రతిసారీ ఫిట్టర్లు కొత్తది వేసేవారు, స్టోర్స్ వాళ్లు మరో రెండు తెప్పించి ఉంచేవారు, నేను లాగ్ పుస్తకంలో 'బేరింగ్ మార్చడమైనది' అని రాసి సంతకం పెట్టేవాణ్ని. నాలుగోసారి పోయినప్పుడు నాకు పట్టుదల వచ్చింది. సమావేశం పెట్టాను కానీ, నిర్ణయాన్ని ముందే జేబులో పెట్టుకుని వెళ్లాను. పంపు పాతబడిందనీ, కొత్తది కొనాలనీ పావుగంటసేపు ధారాళంగా మాట్లాడాను. తలుపు దగ్గర నిలబడి ఉన్న పెద్ద వయసు ఫిట్టర్ ఒకాయన, "అయ్యా, ఆ పైపు సంగతి కూడా ఒకసారి..." అని మొదలుపెట్టాడు. నేను గడియారం చూసుకుని, "పైపు సంగతి తరువాత చూద్దాం, ముందు పంపు సంగతి తేలనివ్వండి" అన్నాను. ఆ తరువాత, ఎంతో ప్రజాస్వామికంగా, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాను. ఎనిమిది మందిలో ఒక్కరూ నోరు విప్పలేదు. మినిట్స్‌లో నా చేతితో నేనే రాశాను: 'అభ్యంతరాలు: లేవు.'

మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, మిగిలిన సగాన్ని ఆ రోజు నేను సొంతంగా కలుపుకున్నాను.

కొత్త పంపు బేరింగ్ అయిదో వారంలో పోయింది. అక్కడితో ఆగి ఉంటే అది చిన్న పొరపాటుగా మిగిలేది. నేను ఆగలేదు. మొదట పంపు సరఫరా చేసినవాళ్లను తిట్టాను, తరువాత గ్రీజు మార్పించాను, ఆ తరువాత రాత్రి షిఫ్టు ఆపరేటర్ సరిగా చూసుకోవడం లేదని అతనికి మెమో ఇచ్చాను. ఇలా ఏడు నెలలు గడిచాయి. పంపు కొనడం తప్పని ఒప్పుకుంటే నా సంతకం తప్పని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ ఒక్కటి తప్పించుకోవడానికి ప్రతి నెలా మరో సంతకం పెడుతూ పోయాను. పెట్టిన ఖర్చు, పోయిన పరువు తిరిగి రావు, మిగిలింది ముందున్న దారి ఒక్కటే అని నువ్వు పుస్తకంలో చదివినప్పుడు చాలా సులువుగా అనిపిస్తుంది తల్లీ. అందులో మునిగి ఉన్నవాడికి అది పట్టుదలలాగా, ధైర్యంలాగా కనిపిస్తుంది.

చివరికి ఒకరోజు, వేరే పని మీద అటు వెళ్లి, వాళ్లు పంపును విప్పుతుండగా పక్కన నిలబడ్డాను. లోపలికి నీరు వచ్చే పైపును పంపుకు బిగించే అంచు, అంటే ఫ్లాంజ్, బోల్టులు ఒక్కొక్కటిగా వదులు చేస్తున్నారు. ఆఖరి బోల్టు చేతితో రాలేదు, సుత్తితో కొట్టి తీశారు. అది రాగానే ఆ పైపు టక్కుమని పక్కకు దూకింది. ఎదురెదురుగా ఉండవలసిన రంధ్రాలు ఒకదాన్ని ఒకటి కప్పుకుని నెలవంకల్లా కనిపించాయి. పైపు కింద ఉన్న ఆధారం ఎప్పుడో కుంగిపోయింది. పైపు బరువంతా పంపు మీద వేలాడుతూ షాఫ్టును, అంటే ఆ ఇరుసును, పక్కకు లాగుతోంది. ఆ లాగుడంతా బేరింగ్ మోస్తోంది. ఏ పంపు తెచ్చి పెట్టినా అదే జరుగుతుంది. "ప్రతిసారీ ఇలాగే దూకుతుందండీ, గునపంతో లాగి పట్టుకుని బిగిస్తున్నాం" అన్నాడు ఆ ఫిట్టర్. మరి చెప్పలేదేమని అడిగాను. ఆయన తల వంచుకుని స్పానర్ తుడుచుకున్నాడే గాని, చెప్పబోయానని అనలేదు. ఆ మర్యాద నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. పైపు కింద ఆధారం సరిచేసి, డయల్ గేజ్ పెట్టి అలైన్‌మెంట్ చూడటానికి ఒక్క షిఫ్టు పట్టింది. ఆపరేటర్ మెమో కూడా రద్దు చేశాను, కానీ అప్పటికే అతను వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

టయోటా సంస్థలో తాయిచీ ఓనో నేర్పిన అయిదు 'ఎందుకు'ల పద్ధతి నీ శిక్షణలో తప్పక వస్తుంది. ఆయన ఇచ్చిన ఉదాహరణ నాకోసమే ఇచ్చినట్టు ఉంటుంది. యంత్రం ఆగింది, ఎందుకంటే బరువెక్కువై ఫ్యూజ్ పోయింది. బరువెందుకు పెరిగిందంటే బేరింగ్‌కు నూనె చాలలేదు. నూనె ఎందుకు చాలలేదంటే నూనె పంపు సరిగా తోడటం లేదు. అది ఎందుకు తోడటం లేదంటే దాని షాఫ్టు అరిగిపోయింది. షాఫ్టు ఎందుకు అరిగిందంటే జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజ్ దగ్గర ఆగినవాడు జీవితాంతం ఫ్యూజులు మారుస్తాడు. నేను రెండో మెట్టు దగ్గర ఆగి పంపునే మార్చాను. ఒక్క హెచ్చరిక మాత్రం గుర్తుంచుకో. ఈ ప్రశ్నలను యంత్రం పక్కన నిలబడి అడగాలి. గదిలో కూర్చుని అయిదుసార్లు ఎందుకని అడిగితే వచ్చేవి అయిదు ఊహలు.

నా పంపు వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. 1986 జనవరి 27 రాత్రి, అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ మరునాటి ప్రయోగం గురించి ఫోనులో జరిగిన చర్చను పూర్తిగా చదువు; సారాంశం చాలదు. చలికి రాకెట్ కీళ్లలోని రబ్బరు రింగులు గట్టిపడతాయనీ, ప్రయోగం వద్దనీ ఆ రాకెట్లను తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు చెప్పారు. ఆ సంస్థ పై అధికారులు అయిదు నిమిషాలు విడిగా మాట్లాడుకుంటామని ఫోను పక్కన పెట్టి, దాదాపు అరగంట తరువాత సరే ఎగరేయండి అన్నారు. ఆ రాత్రి ప్రశ్న తలకిందులైంది: క్షేమమని రుజువు చేయమని అడగవలసిన చోట, ప్రమాదమని రుజువు చేయమని ఇంజనీర్లను అడిగారు. లెక్కల్లోనూ రింగులు దెబ్బతిన్న ప్రయోగాలనే చూశారు, దెబ్బతిననివాటిని కలపలేదు. అన్నీ కలిపి చూస్తే, అప్పటికి జరిగిన 24 ప్రయోగాలలో, కీలు దగ్గర 18 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్న నాలుగింటిలోనూ రింగులు దెబ్బతిన్నాయి. వెచ్చగా ఉన్న ఇరవైలో మూడింటిలోనే. మరునాడు ఎగిరిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది, ఏడుగురు పోయారు. ఆ గదుల్లో తెలివితక్కువవాళ్లు ఎవరూ లేరమ్మా. అందుకే నీలాంటి తెలివైనదానికి ఈ సంగతి ఇంత పొడుగున రాస్తున్నాను.

కాబట్టి నువ్వు అక్కడ ఏ పద్ధతి నేర్చుకున్నా సరే, సమావేశంలో నీ అభిప్రాయం చివరన చెప్పు. అందరికంటే చిన్న ఉద్యోగిని ముందు మాట్లాడించు. పెద్ద విషయమైతే నోటితో అడగకముందే ఎవరి మాట వారు కాగితం మీద రాసి ఇవ్వమను. ఒక్కోసారి గదిలోంచి లేచి వెళ్లిపో. 1961 ఏప్రిల్‌లో క్యూబా మీద దాడిని ఆమోదించి భంగపడిన నాటి అమెరికా అధ్యక్షుడు కెనెడీ, మరుసటి ఏడాది అక్టోబరులో క్షిపణుల సంక్షోభం వచ్చినప్పుడు సలహాదారులు తన ముఖం చూసి మాట్లాడకూడదని కొన్ని సమావేశాలకు కావాలనే వెళ్లలేదు. అభ్యంతరం ఉందా అని మాత్రం అడగకు. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ లేదనే వస్తుంది. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పినట్టు, "ఏడాది గడిచింది, ఈ నిర్ణయం ఘోరంగా విఫలమైంది, ఎందుకు విఫలమైందో రాయండి" అని అడుగు. వద్దనడానికి జంకే మనిషి కూడా ఆ కాగితం నింపుతాడు. ఆ రోజు నేనలా అడిగి ఉంటే ఆ ఫిట్టర్ 'పైపు' అన్న ఒక్క మాట రాసి ఇచ్చేవాడు.

ఇదంతా చదివి ప్రతి చిన్నదానికీ నలభై మందిని కూర్చోబెడతావేమోనని ఇప్పుడు మరో భయం పట్టుకుంది. అలా చేయకు. మనిషికి ఉన్న సమాచారమూ సమయమూ బుర్రా అన్నీ పరిమితమేననీ, అందుకే అన్నింటికన్నా ఉత్తమమైనదాన్ని వెతకకుండా చాలినంత మంచిదాన్ని ఎంచుకుని సాగిపోతాడనీ చెప్పిన హెర్బర్ట్ సైమన్‌కు 1978లో నోబెల్ ఇచ్చారు. రేపు వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయాన్ని ఈ రోజే తీసుకో, అక్కడ నీ చురుకుదనం చూపించు. వెనక్కి తీసుకోలేనిదానికి మాత్రం ఒక రాత్రి గడువు ఇవ్వు. తీసుకున్న రోజునే నీకు తెలిసినదేమిటో, ఏం జరుగుతుందనుకుంటున్నావో తారీఖు వేసి రాసిపెట్టుకో. ఆర్నెల్ల తరువాత మన జ్ఞాపకం మనకే అబద్ధం చెబుతుంది. నాకు ముందే తెలుసంటుంది.

వేళకు తిను, రాత్రిళ్లు మేలుకోకు. ఈ ఉత్తరంతో పాటు ఆనాటి మినిట్స్ నకలు ఒకటి పెడుతున్నాను. అడుగున ఉన్న 'అభ్యంతరాలు: లేవు' అన్న దస్తూరీ నాది. ఎవరెవరు హాజరయ్యారో ఎనిమిది పేర్లు పైన ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డ ఆయన పేరు అందులో లేదు; కుర్చీలో కూర్చోలేదు కాబట్టి రాయాలని నాకు తోచలేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న