చెట్టంత కొడుకు చతికిలపడితే

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 36 ఏళ్ల కొడుకు ఉద్యోగం పోయి, కాపురం చెదిరి, అప్పులతో ఇంటికొచ్చి గదిలో తలుపేసుకుని కూర్చుంటే తల్లి ప్రాణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. "నా పెంపకంలో ఎక్కడ లోపం జరిగిందక్కా" అని అడిగావు. ఆ ప్రశ్న ప్రస్తుతానికి పక్కన పెట్టు. నేను దాని చుట్టూ ఏడాది తిరిగాను. ఆ ఏడాదిలో మా వాడికి నా వల్ల ఒరిగింది ఏమీ లేదు. తప్పంతా నాదే అనుకునే కొద్దీ వాడు అడిగిందల్లా ఇచ్చాను. అది ప్రేమ అనుకున్నాను కానీ, చాలావరకు ప్రాయశ్చిత్తమే.

మా సంగతి నీకు సగమే తెలుసు. వాడి వ్యాపారం దెబ్బతిన్నప్పుడు మొదటి అప్పు మీ బావగారూ నేనూ కలిసి తీర్చాం. రెండోది ఆయనకు చెప్పకుండా నేనొక్కదాన్నే తీర్చాను. మూడోసారి నా దగ్గర డబ్బు లేదు, అందుకని హామీ సంతకం పెట్టాను. వాడు వాయిదాలు ఆపేశాక నోటీసు నా పేరుతోనే వచ్చింది. హామీ అంటే "మా వాడు మంచివాడు" అని చెప్పే మాట సాయం అనుకున్నాను. వాడు కట్టకపోతే నేను కడతానని రాసివ్వడం అది. చాలా చోట్ల అప్పిచ్చినవాళ్లు ముందు అప్పు తీసుకున్నవాడి దగ్గర వసూలు చేయకుండానే నేరుగా హామీదారు దగ్గరికి రావచ్చు కూడా. అందుకే చెబుతున్నాను, ఇవ్వగలిగితే డబ్బు ఇవ్వు, సంతకం మాత్రం పెట్టకు. ఇచ్చేదైనా తిరిగి రాదనుకుని ఇవ్వు. చేబదులు అని పేరు పెడితే, నువ్వు కనపడ్డప్పుడల్లా వాడికి బాకీయే గుర్తొస్తుంది.

నీ పెన్షన్ డబ్బు, మందుల కోసం దాచుకున్నది, మీరుంటున్న ఇల్లు, ఈ మూడింటి జోలికి వెళ్లకు. స్వార్థం అనిపిస్తుందేమో. మీ వాడికి ఇంకా పాతికేళ్లకు పైగా సంపాదించే వయసుంది. నీకు 68. ఈరోజు నువ్వు అంతా ఊడ్చి ఇస్తే, పదేళ్ల తర్వాత వాడు కాస్త నిలదొక్కుకునే సమయానికి నువ్వే వాడి మీద భారంగా పడాల్సి వస్తుంది.

అయితే డబ్బు కన్నా ముందు చూడాల్సింది వాడి మనసు. నేను ఇందులోనే ఆలస్యం చేశాను. మా వాడు పగలంతా పడుకుంటే బద్ధకం అన్నాను, స్నానం మానేస్తే పొగరు అన్నాను. అది డిప్రెషన్ అని డాక్టర్ చెప్పేదాకా తోచలేదు. దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర మరీ తగ్గడం లేదా మరీ ఎక్కువ కావడం, తిండి తప్పడం, "నేను దేనికీ పనికిరాను" అనే మాటలు, ఇవి దాదాపు రోజూ ఉంటూ రెండు వారాలు దాటితే డాక్టర్‌కు చూపించాలి. మందులు మొదలుపెడితే మర్నాటికే మార్పు కనపడదు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తేరుకున్నాక కూడా డాక్టర్ చెప్పేదాకా ఆపకూడదు, మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది.

ఒక మాట అడగడానికి నీకు నోరు రాదు, అయినా అడుగు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నేనూ భయపడ్డాను. అలా జరగదని ఈ విషయం తెలిసిన డాక్టర్లు గట్టిగా చెబుతారు. నేను అడిగిన రోజున మా వాడు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఏడ్చాడు. ఎన్నో నెలలుగా మా ఇద్దరి మధ్య జరిగిన మొదటి నిజమైన సంభాషణ అదే. అవునని గానీ అంటే వాణ్ణి ఒంటరిగా వదలకు, ఎక్కువ మోతాదు మందులూ ప్రమాదకరమైన వస్తువులూ అందుబాటులో లేకుండా చెయ్యి, ఆ రోజే డాక్టర్ దగ్గరికో ఆసుపత్రి ఎమర్జెన్సీకో తీసుకెళ్లు.

తాగుడు సంగతి నువ్వు రాయలేదు. ఉంటే నా దగ్గర దాచకు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. ఒట్టు వేయించుకుని సీసాలు పారబోయడం కాదు, డాక్టర్ ఉండగా మాన్పించాలి. తాగేవాళ్ల కుటుంబసభ్యుల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ బృందాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అక్కడ తమ గోడు చెప్పుకోవచ్చు, పక్కవాళ్ల గోడు వినొచ్చు. నాకు ఆ అవసరం పడలేదు, కానీ నాలాంటి తల్లులు నలుగురితో మాట్లాడాకే గుండె బరువు దిగింది.

ఇంట్లో ఎన్నాళ్లు, ఎలా ఉండాలన్నది కూర్చుని మాట్లాడుకోండి. కోపం వచ్చిన రోజు కాదు, మామూలు రోజున. మేం ఆర్నెల్లు అనుకున్నాం, ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం అన్నాం. ఇంట్లో ఒక పని పూర్తిగా వాడిదే అన్నాం. వాడి బట్టలు ఉతకడం నేను మానేశాను. చిన్న విషయమే, కానీ నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే. వాడి తరఫున ఫోన్లు మాట్లాడడం, అప్పులవాళ్లకు సర్దిచెప్పడం, ఉద్యోగం కోసం తెలిసినవాళ్లను బతిమాలడం కూడా ఆపేశాను. అప్పుల లెక్క వాడి చేతే కాగితం మీద రాయించాను. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏది ముందు అని. అంతా ఒకచోట కనపడితే వాడికే భయం తగ్గింది. వడ్డీ ఎక్కువున్నవి ముందు తీర్చాడు. మిగతావాళ్లతో మాట్లాడి వాయిదాలు తగ్గించుకున్నాడు, నన్ను పక్కన కూర్చోమన్నాడు అంతే.

చేయి చేసుకోవడం, బెదిరించి డబ్బు లాక్కోవడం లాంటివి జరిగితే నేను రాసిన ఓర్పు మాటలేవీ వర్తించవు. ముందు నువ్వు బయటికి వచ్చెయ్యి, సాయం పిలువు.

మరిదిగారికి తెలియకుండా ఏదీ ఇవ్వకు. నేను దాచిన ఆ రెండో అప్పు బయటపడ్డాక మీ బావగారు రెండు నెలలు సరిగా మాట్లాడలేదు, బాధపడింది డబ్బు గురించి కాదు. మీ అమ్మాయికి కూడా చెప్పు. అన్నకు ఎంత ఇచ్చారో రాసిపెట్టుకుంటే, రేపు ఆస్తి పంచేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. మా అమ్మాయి అడిగింది కూడా వాటా పెంచమని కాదు, తనకు ముందే చెప్పి ఉండాల్సిందని.

మా వాడికి నిలదొక్కుకోవడానికి మూడేళ్లు పట్టింది. మధ్యలో ఒకసారి మళ్లీ కిందపడ్డాడు. ఇప్పుడు చిన్న ఉద్యోగమే, సొంత గది, వారానికోసారి వచ్చి వెళ్తాడు. మీ వాడికి ఇంతే పడుతుందని చెప్పలేను.

వాడి వాయిదా కోసం కంటి శుక్లాల ఆపరేషన్ వాయిదా వేసుకున్నానని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాశావు. అది చదివాకే ఇంత రాయాలనిపించింది. రేపే ఫోన్ చేసి తేదీ తీసుకో. ఆ రోజు తోడు రమ్మని మీ వాణ్ణే అడుగు. తర్వాత కంట్లో చుక్కల మందు రోజుకు ఎన్నిసార్లు వేయాలో చీటీ వాడి చేతికే ఇవ్వు.

ఆపరేషన్ తేదీ తెలియగానే రాయి.

మీ అక్క