ఐసీఎఫ్ ఇంటికి తక్కువ ఖర్చులో సైడింగ్ ఏది వేయించుకోవాలి?

ఒహాయోలో ఐసీఎఫ్ బ్లాకులతో (లోపల కాంక్రీటు పోసే బోలు థర్మాకోల్ దిమ్మెలు) గోడలు లేచాయి, డబ్బులు అయిపోవచ్చాయి, బయటి గోడలకి తొడిగే సైడింగ్ వినైలా (ప్లాస్టిక్ పలకలు) ఫైబర్ సిమెంటా (నారలు కలిపిన సిమెంటు పలకలు) అని అడిగారు. మేం కొలంబస్ బయట ఇలాంటి ఇల్లే కట్టుకుని నాలుగు చలికాలాలు చూశాం. వినైల్ వేసేయండి, మామూలు వినైలే చాలు, కానీ మేకులు కొట్టనివ్వకండి.

గొడవంతా అక్కడే ఉంది. పేరుకి కాంక్రీటు ఇల్లే గానీ బయట చేతికి తగిలేది రెండున్నర అంగుళాల థర్మాకోల్. అందులో ప్లాస్టిక్ పట్టీలు నిలువుగా ఉంటాయి, మా బ్లాకుల్లో ఎనిమిది అంగుళాలకి ఒకటి, ఒకటిన్నర అంగుళం వెడల్పు, పైకి కనపడకుండా అరంగుళం లోపల. సైడింగ్‌కి పట్టు దొరికేది ఆ పట్టీల్లోనే. మాకు దొరికిన మొదటి టీమ్‌కి చెక్క ఇళ్లే అలవాటు, మేకులు కొట్టే గన్ పెట్టి టపటపా కొట్టేశారు, కొన్ని మేకులు పట్టీకి తగిలాయి, మిగతావి ఉత్త థర్మాకోల్‌లో దిగాయి, తగిలినవి కూడా నున్నటి మేకులే కాబట్టి ప్లాస్టిక్‌లో నిలవలేదు. మార్చిలో ఒక రాత్రి గాలికి పడమటి గోడ మీది ఆరేడు ముక్కలు ఊడి పక్కింటి పెరట్లో పడ్డాయి. ఆ గోడంతా విప్పి మళ్లీ వేయించాం, కూలి రెండుసార్లు.

రెండోసారి తుప్పు పట్టని, తల వెడల్పుగా ఉన్న స్క్రూలు వాడారు, పొడవు ఒకటిన్నర అంగుళం దాటినవి. వినైల్ ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, పన్నెండడుగుల ముక్కలో తేడా అరంగుళం దాకా ఉంటుంది. అందుకని స్క్రూ సరిగ్గా ముక్క పై అంచున ఉండే పొడుగాటి గాడి మధ్యలో పడాలి, బిగించేయకుండా డైమ్ (పది సెంట్ల) నాణెం మందమంత వదులు ఉంచాలి, ముక్క అటూ ఇటూ జరపగలగాలి. బిగిస్తే వేసవిలో అలలు అలలుగా లేస్తుంది.

ఫైబర్ సిమెంట్ అందంగా ఉంటుంది, కాదనను. కానీ బరువు, కోత, దుమ్ము, పైగా ఈ గోడకి స్క్రూలతోనే వేయాలి అనేసరికి మాకు చెప్పిన కూలి వినైల్‌కి దాదాపు రెట్టింపు. ముందు వైపు ఒక్కటీ అది వేయించుకుని మిగతా మూడు వైపులా వినైల్ పెట్టినవాళ్లున్నారు, అది మంచి ఆలోచనే.

మా నాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు "కాంక్రీటు గోడకి ప్లాస్టర్ కొట్టించి సున్నం వేయకుండా ఈ ప్లాస్టిక్ ఏమిట్రా" అన్నారు. ఆయన మాటలో కొంత నిజం ఉంది, థర్మాకోల్ మీద ఫైబర్‌గ్లాస్ జాలీ పరిచి అక్రిలిక్ స్టకో అనే ప్లాస్టర్ కొట్టేవాళ్లు ఉన్నారు, ఈ గోడకి అది బాగా అతుకుతుంది కూడా. మా చుట్టుపక్కల ఆ పని సరిగ్గా చేసేవాళ్లు దొరకలేదు, కిటికీల చుట్టూ నీళ్లు దిగితే తర్వాత పడే అవస్థ తలుచుకుని వదిలేశాను.

వెనక ఫోమ్ అతికించిన ఖరీదైన వినైల్ అమ్మజూస్తారు, వద్దనండి. మీ గోడకి రెండు వైపులా ఉన్న థర్మాకోలే చాలు.

మూలల దగ్గర మాత్రం ఇప్పుడే చూసుకోండి. కొన్ని బ్లాకుల్లో మూలకి దగ్గరగా పట్టీ ఉండదు, మూలకి తొడిగే కార్నర్ పోస్ట్‌కి పట్టు దొరకదు. మేం ప్లైవుడ్ చీలికలు పెట్టి, థర్మాకోల్ దాటి కాంక్రీటులోకి దిగే పొడవాటి స్క్రూలతో బిగించుకున్నాం. బయట లైట్లు, కుళాయి వచ్చే చోట కూడా అంతే. ఇంకోటి, థర్మాకోల్‌ని నెలల తరబడి ఎండలో వదిలేయకండి, పసుపు పొడి రాలుతుంది.

మీ బ్లాకులు ఏ కంపెనీవో, పట్టీలు ఎంత దూరంలో ఉన్నాయో రాయండి, మేం వాడిన స్క్రూలు వాటికి సరిపోతాయో లేదో చూసి చెబుతాను.