మూడో వంతు నియమం పాటించినా గాలి ఎందుకు తక్కువైంది?

30 మీటర్ల లోతున ఉన్న ఓడ శిథిలంలోకి సిలిండర్లలో 210 బార్ (గాలి పీడనపు కొలత) గాలితో డైవ్ చేసి, మూడో వంతు నియమం ప్రకారం (ఒక వంతు గాలి వెళ్లడానికి, ఒక వంతు తిరిగి రావడానికి, ఒక వంతు అత్యవసరానికి) 140 దగ్గర వెనుదిరిగినా, బురద లేవడంతో 40 బార్‌తో పైకి చేరామని రాశారు. పైకి ఎక్కడానికి కావలసిన గాలిని ముందే పక్కన పెట్టకుండా, మొత్తాన్నీ మూడు భాగాలు చేయడమే దీనికి కారణం కావచ్చు. ఆ లోతులో పీడనం ఉపరితలంలోని వాతావరణ పీడనానికి నాలుగు రెట్లు గనుక ప్రతి శ్వాసకూ ఉపరితలంలో కంటే నాలుగు రెట్లు గాలి ఖర్చవుతుంది. కంగారు ఆ ఖర్చును ఇంకా పెంచుతుంది.

1. ఒకరి గాలి పూర్తిగా పోయిందనుకుని, ఇద్దరూ మిగిలిన దానినే పంచుకుంటూ, ఆగవలసిన చోట్ల ఆగి పైకి చేరడానికి ఎంత కావాలో మొదట లెక్కించండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మీ 12 లీటర్ల జంట సిలిండర్లలో అది 50 బార్ అనుకుంటే, మిగిలిన 160నే మూడు భాగాలు చేయాలి. ఒక్కో భాగం సుమారు 53 బార్ గనుక, అప్పుడు 140 వద్ద కాక, 157 వద్దే, అంటే దాదాపు 160 వద్దే వెనుదిరగవలసి వస్తుంది.

2. సహచరుని సిలిండర్ల పరిమాణం వేరైతే, ఒకే బార్ వద్ద వాటిలో ఉండే గాలి కూడా వేరు గనుక, బార్‌లో కాక లీటర్లలో లెక్కించండి.

3. దారి తాడును మొదట శిథిలం బయట, నేరుగా పైకి వెళ్లగల చోట కట్టి, లోపలికి రాగానే మరోసారి కట్టండి. సన్నని బురద గంటల తరబడి అడుగుకు దిగకపోవచ్చు గనుక, నీరు తేటపడుతుందని ఎదురుచూడకుండా తాడును చేతితో తడుముకుంటూ బయటికి రండి.

శిథిలాల్లోకి ప్రవేశించే శిక్షణ మీలో ఒక్కరికి లేకపోయినా, అది పూర్తయ్యేదాకా దయచేసి ఎవరూ లోపలికి వెళ్లకండి.