టెక్ సందేహాలు: పాత గ్యాస్కెట్ చెక్కుచెదరలేదు, మళ్లీ బిగించవచ్చా?

ప్రశ్న: 1960ల నాటి కారు ఇంజిన్‌ను పూర్తిగా విప్పి, భాగాలన్నీ శుభ్రం చేసి పెట్టుకున్నాను. భాగాల మధ్య ఏమీ కారకుండా బిగించే గ్యాస్కెట్లు చాలావరకు చిరగకుండానే ఊడివచ్చాయి. ఈ మోడల్‌కు కొత్త సెట్టు తేలిగ్గా దొరకడం లేదు. చూడటానికి బాగున్నవాటికి సీలెంట్ రాసి మళ్లీ వాడుకోవచ్చా?

జవాబు: ఈ శీర్షికకు ఎక్కువగా వచ్చేవి ఫోన్లు, కంప్యూటర్ల సందేహాలే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ప్రాసెసర్ మీది కూలర్‌ను ఒకసారి పైకెత్తామంటే, కింద ఉన్న, వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్టు ఎంత బాగా కనిపించినా తుడిచేసి కొత్తది రాస్తాం. రెండు ఉపరితలాల మధ్య కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లలో అది సర్దుకొని కూర్చుంది. విడదీశాక మళ్లీ అదే చోట అలాగే కూర్చోదు. మెకానిక్కులు ప్యాకింగ్ అని పిలిచే గ్యాస్కెట్ విషయమూ అంతే. అయితే అది వేడినే కాదు, ఒత్తిడిని కూడా తట్టుకోవాలి.

బోల్టులు బిగించినప్పుడు గ్యాస్కెట్ నలిగి, లోహపు ముఖాల మీది సన్నని గీతల్లోకి చొచ్చుకుపోతుంది. ఆ తరువాత అది కొద్దిగా వెనక్కి నెడుతూ ఉండటం వల్లే, ఇంజిన్ వేడెక్కి చల్లారే ప్రతిసారీ లోహం వ్యాకోచించి సంకోచించినా సందు ఏర్పడదు. ఏళ్ల తరబడి వేడిలో నలిగిన పాత గ్యాస్కెట్‌లో పోయేది ఆ వెనక్కి నెట్టే గుణమే. చిరగలేదన్న మాట దాని ఆకారానికి వర్తిస్తుంది గాని సత్తువకు వర్తించదు. అందువల్ల చూపుతో దాన్ని పరీక్షించడం సాధ్యం కాదు.

ఇంజిన్ బ్లాకుకూ, దానికి పై మూత లాంటి సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ విషయంలో నా జవాబుకు మినహాయింపు దాదాపు లేదు: పాతది వాడవద్దు. సిలిండర్‌లో మండే వాయువును, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌ను, ఇంజిన్ ఆయిల్‌ను ఒకదానితో మరొకటి కలవకుండా విడిగా ఉంచే బాధ్యత ఆ ఒక్క పలుచని పలకదే. కూలెంట్ ఆయిల్‌లోకి దిగితే ఆయిల్ పాలలా తెల్లబడి, బేరింగులకు అందవలసిన రక్షణ పొర చెడిపోతుంది. మండిన వాయువు కూలెంట్‌లోకి చొరబడితే ఇంజిన్ మితిమీరి వేడెక్కి, హెడ్ వంకర తిరిగే ప్రమాదం ఉంటుంది. కొత్త పిస్టన్ రింగులూ బేరింగులూ వేసిన ఇంజిన్‌ను ఇందుకోసం పందెం కాయడం నాకు బొత్తిగా అర్థం కాని పొదుపు.

దాదాపు అని ఎందుకన్నానంటే, కొన్ని పాత ఇంజిన్లలో ఒకే రాగి రేకుతో చేసిన హెడ్ గ్యాస్కెట్ ఉంటుంది. నలిగిన రాగి గట్టిపడుతుంది. దాన్ని మసక ఎరుపు రంగు వచ్చేదాకా సమంగా కాలిస్తే తిరిగి మెత్తబడుతుంది. ఉక్కుకు భిన్నంగా, రాగిని ఆ తరువాత నీటిలో ముంచినా గాలికి చల్లార్చినా మెత్తదనంలో తేడా రాదు. పైన ఏర్పడిన నల్లటి పొరను శుభ్రం చేసి, సిలిండర్ రంధ్రాల అంచుల్లో కాలిన గుర్తులు గాని, అడ్డంగా గీతలు గాని లేకపోతే వాడుకోవచ్చు. ఇంజిన్ అడుగున ఆయిల్ తీసే సంప్ ప్లగ్ కింది గట్టి రాగి వాషర్‌కూ ఇదే పద్ధతి. కాని రెండు రాగి రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ పొర పెట్టి కూర్చిన గ్యాస్కెట్‌ను రాగిది అనుకొని కాల్చకండి. నలిగిపోయిన లోపలి పొర కాల్చినంత మాత్రాన తిరిగి ఉబ్బదు.

ఆస్‌బెస్టాస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఆ కాలపు హెడ్, ఎగ్జాస్ట్ గ్యాస్కెట్లలో అది విరివిగా ఉండేది. దాని ధూళిని పీల్చడం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అతుక్కుపోయిన ముక్కలను వైరు బ్రష్షుతోనో గ్రైండరుతోనో పొడిగా గీకవద్దు. తడిపి, నెమ్మదిగా తీసి, తడిగానే సంచిలో మూసివేయండి. తగిన ఫిల్టర్ ఉన్న మాస్కు తప్పనిసరి.

మిగిలినవాటిలో, ఇంజిన్ పైభాగాన్ని మూసే వాల్వ్ కవర్ రబ్బరు గ్యాస్కెట్ వంచితే పగుళ్లు చూపకుండా, మెత్తగా ఉంటే ఇంకొంతకాలం నడుస్తుంది. అక్కడ ఒత్తిడి తక్కువ, కారినా బయటికే కారుతుంది, మార్చడం అరగంట పని. ఎండి కుంచించుకుపోయిన కార్క్ గ్యాస్కెట్‌ను గోరువెచ్చని నీటిలో నానబెడితే కొంత సాగి రంధ్రాలకు అందుతుంది గాని, అది దారిలో చిక్కుకున్నప్పటి ఉపాయమే.

సీలెంట్ సంగతి: సత్తువ పోయిన గ్యాస్కెట్‌కు సిలికాన్ ప్రాణం పోయదు. పైగా ఎక్కువ రాస్తే లోపలికి పొంగి, ఊడిన ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడతాయి. కొత్త హెడ్ గ్యాస్కెట్ వేసినా, హెడ్ ముఖం సమతలంగా ఉందో లేదో తిన్నని ఉక్కు పట్టీ, సన్నని సందులను కొలిచే ఫీలర్ గేజితో ముందే చూసుకోండి, 0.1 మి.మీ. వంపును కూడా చాలా ఇంజిన్లు సహించవు.

ప్రశ్న: దొరకని పేపర్ గ్యాస్కెట్లను స్కాన్ చేసి, కటింగ్ మెషీన్‌తో ఇంట్లోనే కోసుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా కోసుకోవచ్చు, నన్నడిగితే పాత గ్యాస్కెట్‌కు మిగిలిన అసలు ఉపయోగం నమూనాగా పనికిరావడమే. కాకపోతే పాత కాగితం ఎండి కుదించుకుపోయి ఉంటుంది కనుక, వీలైతే గ్యాస్కెట్‌ను కాక అది కూర్చునే లోహపు భాగాన్నే స్కానర్ అద్దం మీద, గీతలు పడకుండా పారదర్శకమైన షీటు పరిచి, బోర్లించండి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) వద్ద ఒక్కో చుక్క సుమారు 0.085 మి.మీ. కాబట్టి ఈ పనికి అంతకు మించిన స్పష్టత అక్కర్లేదు. పక్కనే ఒక స్కేలు కూడా పెట్టి స్కాన్ చేస్తే కొలత సరిచూసుకోవచ్చు. ఆ బొమ్మను ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అంచుల వెంట గీతలుగా మార్చి, బోల్టు రంధ్రాలను మాత్రం కొలిచి వృత్తాలుగా మళ్లీ గీయండి. మామూలు కాగితం మీద అసలు సైజులో ముద్రించి, భాగం మీద పెట్టి చూశాకే గ్యాస్కెట్ షీటు కోయండి.

ఆకారం కుదిరినా మందం తప్పితే పని చెడుతుంది. ముఖ్యంగా ఆయిల్ పంపు మూత కింద ఉండే కాగితం మందమే గేర్లకూ మూతకూ మధ్య ఉండవలసిన సందును నిర్ణయిస్తుంది. అది ఎక్కువైతే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, తక్కువైతే గేర్లు పట్టేస్తాయి. పాతది నలిగి పలచబడి ఉంటుంది కనుక దాని మందాన్ని కొలిచి అదే ఖాయం చేసుకోకుండా, ఆ ఇంజిన్ మాన్యువల్‌లో ఇచ్చిన సందును చూసి షీటు ఎంచుకోండి.