‘వల్లనే’ అనే మాట గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

మెదడుకు తీవ్రమైన గాయమైనవారిలో హార్మోన్ల స్థాయులకూ కోలుకోవడానికీ ఉన్న సంబంధం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడిచింది. అయితే ‘హార్మోన్లు తగ్గడం వల్లనే రోగి కోలుకోవడం లేదు’ అని మొదటి పేరాలోనే తీర్పు చెప్పేశావు. నా అభ్యంతరమంతా ఆ ‘వల్లనే’ మీదే.

గాయమైన తొలి రోజుల్లో పురుషులకు టెస్టోస్టిరాన్ పడిపోవడం, థైరాయిడ్‌కు చెందిన టీ3 తగ్గడం వైద్యులు తరచుగా చూసేవే. గాయం ఎంత పెద్దదైతే ఈ పతనం అంత ఎక్కువగా ఉండవచ్చు, కోలుకోవడమూ అంత ఆలస్యం కావచ్చు. అంటే ఆ రెండూ ఒకే వేరు నుంచి వచ్చిన కొమ్మలు కావచ్చు. పైగా ఐసీయూలో వాడే మందులూ ఈ అంకెలను మారుస్తాయి: శ్వాసగొట్టం వేసేటప్పుడు ఇచ్చే ఎటోమిడేట్ అనే మత్తుమందు ఒక్క మోతాదే, ఒత్తిడిని తట్టుకోవడానికి శరీరం వాడే కార్టిసాల్ హార్మోను తయారీని కొంతకాలం అణచివేస్తుంది.

హార్మోను ఇస్తే మెదడు కోలుకుంటుందన్న ఆశ పరీక్షకు నిలవని సందర్భాలున్నాయి. ప్రొజెస్టిరాన్ అనే స్త్రీ హార్మోను గురించి ఉత్సాహంగా రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2014లో వెలువడిన రెండు పెద్ద పరీక్షలు, ఒకటి 882 మందిపై, మరొకటి 1,195 మందిపై జరిగినవి, దానివల్ల ప్రయోజనం లేదని తేల్చాయి. అంతకుముందే, తలగాయమైన 10,000 మందికి పైగా పాల్గొన్న ‘క్రాష్’ అనే పరీక్షలో స్టెరాయిడ్ (కార్టిసాల్ తరహా మందు) తీసుకున్నవారిలో రెండు వారాల్లోపు మరణాలు 21 శాతం, తీసుకోనివారిలో 18 శాతం అని 2004లో బయటపడింది.

అలాగని హార్మోన్లను పక్కన పెట్టెయ్యమనడం లేదు. నీ వ్యాసంలో రెండే వాక్యాలు దక్కిన పీయూష గ్రంథిదే అసలు కథ. ఇతర గ్రంథులను నడిపించే, బఠాణీ గింజంత ఆ గ్రంథి మెదడు అడుగున సన్నని కాడకు వేలాడుతుంది. దాని ముందు భాగానికి రక్తం ప్రధానంగా ఆ కాడ వెంట దిగే సిరల ద్వారానే అందుతుంది కనుక, మెదడు ఒక్క ఉదుటున కదిలినా, వాచినా అది దెబ్బతినవచ్చు. అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను 2007లో కూర్చి చూస్తే, తలగాయమైన నెలల తర్వాత కూడా నాలుగోవంతుకు పైగా రోగుల్లో ఏదో ఒక హార్మోను లోపం కనిపించింది. ఇల్లు చేరిన మనిషి ఎప్పుడూ అలసటగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే ఇంట్లోవాళ్లు బద్ధకమనో దిగులనో అనుకుంటారు. వెనుక ఈ లోపం ఉండవచ్చు, దానికి చికిత్సా ఉంది. అయితే కార్టిసాల్ లోపాన్ని ముందు సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదికి రావచ్చు. ఈ హెచ్చరిక నీ వ్యాసంలో తప్పక ఉండాలి.

ప్రతి అంకె పక్కన అది గాయమైన ఎన్నో రోజుదో రాయి. గ్రోత్ హార్మోను విడతలు విడతలుగా విడుదలవుతుంది కాబట్టి ఎప్పుడో తీసిన ఒక్క నమూనాతో లోపాన్ని తేల్చలేము. నువ్వు ఉదహరించిన ఆ అంకెను తీసెయ్యి. కార్టిసాల్ వేళను బట్టి మారుతుంది కనుక, మూడో పేరాలోని ఆ నమూనా ఉదయం తీసినదో కాదో కనుక్కో. కాకపోతే ఆ పేరా మొత్తం మళ్లీ రాయాల్సి ఉంటుంది.

నీ శ్రేయోభిలాషి