మీ ప్రశ్నలు – మా జవాబులు: అందరం కలిసి పుస్తకం వేసి విరాళం పోగెయ్యొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లం కలిసి ఒక వంటల పుస్తకం వేద్దామనుకుంటున్నాం, ఒక్కొక్కరం రెండేసి వంటలు రాసిస్తాం, వచ్చిన డబ్బు పక్కనున్న గవర్నమెంటు స్కూల్‌కి ఇద్దామని. మా వారేమో యూట్యూబ్‌లో ఫ్రీగా దొరికేవాటిని డబ్బులిచ్చి ఎవరు కొంటారు, చేతి చమురు వదులుతుంది అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ వారన్నదాంట్లో సగం నిజమే మేడమ్, కోప్పడకండి. వంట నేర్చుకోడానికైతే ఎవరూ కొనరు. అసలు ఇలాంటి పుస్తకాలు అందుకోసం కొనేవాళ్లు ఎప్పుడూ తక్కువే, అందులో మా అత్తయ్య పేరుంది, మా పిల్లాడి టీచర్ పేరుంది అని కొంటారు. అమెరికాలో ఇది 1864 నుంచీ ఉన్న పద్ధతి, అంతర్యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం ఫిలడెల్ఫియాలో పెద్ద ఫెయిర్ పెడితే మరియా మాస్ అనే ఆవిడ అక్కడ అమ్మడానికి ఒక వంటల పుస్తకం తయారుచేసి ఇచ్చింది, ఆ తర్వాత చర్చిలవాళ్లు, లేడీస్ క్లబ్బులవాళ్లు వేలకొద్దీ వేశారు, వంట పక్కన ఆ వంట ఇచ్చినావిడ పేరు.

వీటిల్లో నాకు భలే నచ్చేది మిల్వాకీ ఊరి కథ. అక్కడ లిజ్జీ కాండర్ అనే ఆవిడ, కొత్తగా వలసొచ్చిన కుటుంబాల ఆడపిల్లలకి ఒక సేవాసంస్థలో వంట క్లాసులు చెప్పేది. బోర్డు మీద రాసింది పిల్లలు ఎక్కించుకునేసరికే టైం అయిపోతోంది, ప్రింట్ చేయిద్దాం 18 డాలర్లు ఇవ్వండి అని కమిటీలో మగవాళ్లని అడిగితే కుదరదన్నారు, పైగా లాభాలొస్తే మాకూ వాటా ఇవ్వండమ్మా అని జోకులేశారట. ఆవిడ ఏం చేసిందీ, ఊళ్లో షాపులవాళ్ల దగ్గర యాడ్స్ పోగేసి 1901లో వెయ్యి కాపీలు కొట్టించింది. ఆ పుస్తకం తర్వాత తర్వాత 20 లక్షలు దాటి అమ్ముడైంది, ఆ సంస్థ కొత్త బిల్డింగ్‌కి సాయపడింది కూడా ఆ డబ్బే. కమిటీవాళ్ల మొహాలు చూడాలని నాకు భలే కోరిక.

అంటే ప్రింటింగ్ ఖర్చు పుస్తకం బయటికి రాకముందే రాబట్టాలి, మొత్తం కిటుకు అక్కడే ఉంది. మనకి సావనీర్లు వేసే అలవాటు ఎలాగూ ఉంది కదా, వెనక అట్ట ఇంత, లోపల ఫుల్ పేజీ ఇంత అని కిరాణా షాపు, చీరల షాపు, డెంటిస్టు దగ్గరికి వెళ్లడం మనకేం కొత్త కాదు. ఊరికే లెక్క కోసం అనుకుందాం, 500 కాపీలకి కాపీ 120 చొప్పున 60,000 అయింది, వెల 250 పెట్టారు. షాపుకిస్తే వాళ్లు 40 శాతం కమీషన్ తీసుకున్నారనుకోండి, మీ చేతికొచ్చేది 150, ఖర్చు పోగా మిగిలేది 30 రూపాయలు, దానికోసం ఇంత ఆయాసమా? అదే యాడ్స్‌తో 60,000 ముందే వచ్చేసి, మీరే చుట్టాల్లో, ఆఫీసుల్లో 300 కాపీలు అమ్మారా, 75,000 కి 75,000 స్కూల్‌దే. ముందు డబ్బులు కట్టించుకుని పేర్లు రాసుకోండి, ఆ లిస్టు చూశాక ఎన్ని కాపీలు వెయ్యాలో ప్రెస్‌కి చెప్పండి, మంచాల కింద కట్టలు పడుండటం కంటే తక్కువ వెయ్యడమే నయం.

ఇంకోటి, స్కూల్‌కి ఇస్తాం అంటే జనానికి పట్టదు, దేనికి ఇస్తున్నారో చెప్పాలి. లండన్‌లో 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు, ఇళ్లు పోయిన ఆడవాళ్లు దగ్గర్లోని ఒక మసీదు వంటగదిలో కలిసి వండుకోవడం మొదలుపెట్టారు. డబ్బుల్లేక ఆ కిచెన్ వారానికి 2 రోజులే తెరిచేవాళ్లు. 2018లో వాళ్ల వంటలతో పుస్తకం వచ్చింది, ముందుమాట బ్రిటన్ రాకుమారుడు హ్యారీ భార్య మేఘన్ రాసింది కాబట్టి ప్రచారం బాగా దొరికింది, అది మనకి దొరికేది కాదు. కానీ ఈ పుస్తకం కొంటే ఆ కిచెన్ వారమంతా నడుస్తుంది అన్నారు చూడండి, అది ఎవరికైనా అర్థమవుతుంది. మీరూ మంచినీళ్ల ఫిల్టరో, బాత్రూం తలుపులో, అదేదో హెడ్‌మాస్టర్‌ని అడిగి తేల్చుకుని అట్ట మీదే వేసెయ్యండి.

ప్రశ్న: మా వాట్సాప్ గ్రూపులో కథలు రాసేవాళ్లం ఉన్నాం. వరద బాధితుల కోసం సంకలనం వేద్దామంటే, పుస్తకం వచ్చేసరికి వరద సంగతే మర్చిపోతారు అని కొందరు, మాకు పారితోషికం ఎంత అని ఇంకొందరు.
– వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మొదటివాళ్లది న్యాయమైన భయమే. అందుకే ముందు ఈబుక్ వదలండి, ప్రింట్ తర్వాత. 2011 మార్చి 11న మధ్యాహ్నం 2:46 కి జపాన్‌లో భూకంపం వస్తే, అక్కడున్న ఒక బ్రిటిష్ ఆయన వారం తిరిగేసరికి ట్విటర్‌లో మీ అనుభవాలు పంపండి అని అడిగాడు, ఏప్రిల్ కల్లా ఈబుక్ అమ్మకానికొచ్చేసింది, మామూలు జనంతో పాటు యోకో ఓనో, విలియం గిబ్సన్ లాంటివాళ్లూ రాశారు, అమెజాన్ తన కమీషన్ కూడా వదులుకోవడంతో డబ్బంతా జపాన్ రెడ్‌క్రాస్‌కే వెళ్లింది.

పారితోషికం అడిగినవాళ్లకి రచయిత్రి నాడిన్ గోర్డిమర్ సంగతి చెప్పండి. సౌతాఫ్రికాలో ఎయిడ్స్ రోగుల కోసం 2004లో ఆవిడ 21 మంది కథలతో ఒక సంకలనం తెచ్చింది, మార్క్వెజ్, సరమాగో, గుంటర్ గ్రాస్, అచెబె అందరూ ఉన్నారు, ఎవరూ రూపాయి తీసుకోలేదు. అయితే ఫ్రీగా ఇచ్చినా కథ మీద హక్కు రాసినవాళ్లదే, కాబట్టి అందరి దగ్గరా కాగితం మీద సంతకం తీసుకోండి, ఎన్నేళ్లు, ఏ దేశాల్లో అన్నది అందులో రాయాలి. హక్కులు రాయించుకుని అవి రాయకపోతే మన కాపీరైట్ చట్టం ప్రకారం 5 ఏళ్లు, ఇండియా వరకే అని లెక్క, రేపు డాలస్‌లో ఎవరో మళ్లీ వేస్తామంటే గొడవ. లాభాల్లో కొంత భాగం బాధితులకి అని మాత్రం రాయకండి, ఆ కొంత ఎంతో చెప్పనివాళ్లని నేనైతే నమ్మను. కాపీకి ఇన్ని రూపాయలు అని అంకె వెయ్యండి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఇస్తారు, దానికి ఎవరైనా ఏజెంటు డబ్బులడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికా సిటిజన్. మా ట్రస్టు వేసే పుస్తకం కోసం లక్ష రూపాయలు విరాళం పంపిస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకపోతే వద్దు. విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ పాస్‌పోర్టు అయితే అది విదేశీ విరాళం కిందకే వస్తుంది. మీ వదిన ఇంకా ఇండియా పాస్‌పోర్టు మీదే ఉంటే, ఆవిడ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. ఆవిడ పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి, ఆడిటర్ అడుగుతాడు.